షెకాల్ బావిలో ఇరవై మూడు

పాత షెకాల్ బావి దగ్గర పొద్దు వాలాక ఎవరూ నిలబడరు. దాటక తప్పనప్పుడు తల వంచుకుని గబగబా పోతారు. అక్కడ జడుసుకున్నవాడి ఒళ్లు ఇంటికొస్తుంది గానీ, ప్రాణం బావి గట్టునే ఉండిపోతుంది... ఇక వాడికి తిండి సయించదు, కంటికి కునుకు రాదు. చూస్తుండగానే కరిగిపోతాడు.

మందు ఒకటే. జడుపు పట్టినవాణ్ణి మళ్లీ అదే చోటికి తీసుకుపోవాలి. రెమ్మతో నేలను కొట్టి, పేరు పెట్టి పిలవాలి — "రా, ఇక్కడుండకు, ఇంటికి పోదాం రా" అని. అమ్మ పెట్టిన పేరుతోనే పిలవాలి. అది మా కొండల్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

నేను ఆకుల్లో మొక్కజొన్న పిండి ఉడికించి అమ్ముకునేదాన్ని, నాకు దెయ్యాల శాస్త్రం ఏం తెలుసు! మా తమ్ముడు హసింతో నాకు చెప్పింది సగం, ఈ పాడుకళ్లతో చూసింది సగం — చెబుతున్నా, వినండి.

మొన్న వానలు వెనకబట్టాక ఆంటిగ్వా పట్నం నుంచి ఒకాయన దిగాడు. పేరు డాన్ లిసాండ్రో కాస్తియో. అరవై దాటినా దుక్కలా ఉన్నాడు. ఇరవై రెండు మంది పరదేశీయులు గుంపుగా మా కొండలు చూడ్డానికి వస్తారట. వాళ్లెక్కడ తినాలి, ఎక్కడ గుడారాలు వేయాలి, ఎక్కడ ఫోటోలు దిగాలి — ముందుగా వచ్చి చూసి రాసుకోవడం ఆయన ఉద్యోగం. మా తమ్ముడు హసింతో నడిపే పికప్ బాడుగకు మాట్లాడుకున్నాడు.

నా కొట్లోనే తినేవాడు. "అమ్మాయ్, ఇంత కారం మావాళ్లు తట్టుకోలేరు," అన్నాడు మొదటిరోజు.

"మీరు లొట్టలేసుకుంటూ తింటున్నారుగా దొరా!"

"నాకు అలవాటే."

"పట్నం నోటికి మా కొండ మిరపకాయ ఎప్పుడు అలవాటైందో!" అని ఊరికే అన్నాను. ఆయన తల ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదేనని నాకప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే ఆ గిన్నెలో ఇంకేదైనా కలిపేదాన్ని.

అన్నీ చూశాడు. నేతగత్తెల ఇళ్లు, సంత, జలపాతం... షెకాల్ బావి ఉన్న పాత ఊరు ఒక్కటే రేపు రేపంటూ వాయిదా వేశాడు. "ఆ రాళ్లలో ఏముంది?" అనేవాడు. ఆఖరిరోజు పైవాళ్లు ఫోన్లో కేకలేశారు, పాత ఊరి ఫోటోలేవని. ఇక తప్పలేదు. వాళ్లు అక్కడికి చేరేసరికి చీకటి పడుతోంది, పొగమంచు దిగుతోంది.

ఆ పాత ఊరు మాదే. నలభై ఏళ్ల కిందట, యుద్ధం రోజుల్లో, సైన్యం నిలబెట్టిన కాపలా దళం వచ్చి మగవాళ్లందరినీ ఆ బావిలో వేసింది. మా నాన్న అందులోనే ఉన్నాడు. నేను చంకపిల్లని. హసింతో అమ్మ కడుపులో ఉన్నాడు.

"దొరా, దిగొద్దు. పొద్దున్నే వద్దాం," అన్నాడట హసింతో.

"నీ భయాలు నీ దగ్గరే పెట్టుకో," అని దిగాడట ఆయన.

గుడారాలకి చోటు సరిపోతుందో లేదో అడుగులేస్తూ లెక్కపెట్టుకున్నాడు. మనిషికింత అని... ఒకటి... రెండు... మూడు... మంచులో మనిషి కనబడ్డం లేదు, గొంతే వినబడుతోంది. ఇరవై... ఇరవై ఒకటి... ఇరవై రెండు. ఆగాడు. అప్పటికి సరిగ్గా బావి గట్టు మీదున్నాడు.

కిందనుంచి, మెల్లగా —

"ఇరవై మూడు."

"నేనూ విన్నానక్కా," అన్నాడు హసింతో ఇంటికొచ్చాక. "మగగొంతు. కోపం కూడా లేదు. ఎవరో మర్చిపోతే అందించినట్టు..."

ఆయన గట్టు మీదే కుప్పకూలితే, హసింతో ఎత్తుకొచ్చి సత్రంలో పడేశాడు. మూడు రోజులు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. పట్నం తీసుకుపోదామంటే, పికప్ ఊరి మలుపు తిరగ్గానే "ఆపండి! నన్నక్కడే వదిలేసి పోతున్నారు!" అని గుండెలు బాదుకున్నాడు. రెండుసార్లు ప్రయత్నించి వెనక్కి తెచ్చారు. దుక్కలాంటి మనిషి పుల్లైపోయాడు. చివరికి తనే అడిగాడు, ప్రాణం పిలిచే మనిషి కావాలని.

పిలిచేది మా మేనత్త సెఫెరీనా. ఎనభై ఏళ్ల మనిషి. మా నాన్న ఆమెకి తమ్ముడు. మొగుడూ తమ్ముడూ ఇద్దరూ ఆ బావిలోనే... అయినా ఎవరు జడుసుకున్నా కాదనకుండా పోయి పిలిచేది.

సాయంత్రం బయల్దేరాం. అత్త కొవ్వొత్తి వెలిగించింది, గట్టు మీద సారా చిలకరించింది, రెమ్మతో నేలను కొట్టింది. "లిసాండ్రో... రా, ఇంటికి పోదాం రా." మూడుసార్లు పిలిచింది. ప్రాణం తిరిగొస్తే రోగి వీపు జల్లుమంటుంది, పెద్ద నిట్టూర్పు వస్తుంది. ఈయనకి ఏమీ లేదు. రాయిలా కూర్చున్నాడు.

మర్నాడు మళ్లీ పోయాం. మళ్లీ అంతే.

అత్త రెమ్మ కింద పెట్టింది. "లిసాండ్రో అనేవాడు ఇక్కడ లేడు. మీ అమ్మ నీకు పెట్టిన పేరేంటి నాయనా?"

"అదే..."

"అయితే చావు," అని సంచీ సర్దుకుని లేచింది.

ఆయన ఆమె పైబట్ట కొంగు పట్టుకున్నాడు. మా వంక చూశాడు, బావి వంక చూశాడు. "చెబితే వీళ్లు నన్ను బతకనిస్తారా అమ్మా?"

"చెప్పకపోతే అది బతకనిస్తుందా?"

మోకాళ్ల మీద అత్త దగ్గరికి జరిగాడు. తర్వాత గుసగుసగా — "ఒబ్దూలియో. ఒబ్దూలియో రెయెస్."

అబ్బా... ఆ పేరు మా ఊళ్లో కుక్కకి కూడా పెట్టరు. కాపలా దళానికి నాయకుడు వాడే. నా కొట్లో కూర్చుని, నా చేతి కూడు తిన్నాడు! రాయెత్తాను. హసింతో కత్తి దూశాడు.

"తాకొద్దు," అంది అత్త. "ప్రాణం లేని ఒంటిని కొడితే ఏమొస్తుంది?"

మేం ఆగిపోయాం. ఆమె వాడి ఎదురుగా గొంతుక్కూర్చుంది. "చేసింది ఈ చోటుకే చెప్పుకోవాలి. లేకపోతే వదలదు. ఎంతమంది?"

"ఇరవై మూడు. నేనప్పుడు కుర్రాణ్ణి అమ్మా... పైనుంచి ఆజ్ఞ..."

"గట్టిగా లెక్కపెట్టమని కూడా ఆజ్ఞేనా? మేం ఆడవాళ్లం గుడి గోడ వెనక నించుని విన్నాం. ఒక్కొక్కరికీ ఒక్కో అంకె. నవ్వుతూ."

వాడు నేలకి నుదురు ఆనించి ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. కలిగిందని అబద్ధం చెప్పను.

అత్త రెమ్మ తీసుకుంది. నేలను కొట్టింది. పసివాణ్ణి నిద్రలేపే గొంతుతో పిలిచింది. "ఒబ్దూలియో..."

కొవ్వొత్తి మంట పక్కకి వాలిపోయింది. గాలి లేదు.

"ఒబ్దూలియో..."

వాడి వీపు జల్లుమంది, నా కళ్లతో చూశాను. కళ్లు మూసుకున్నాడు. ముఖం తేటపడింది. బావిలో, ఎక్కడో లోతున, రాళ్లమీద గోళ్లు గీరుకుంటూ ఏదో పైకి పాకుతోంది... దగ్గరికొచ్చేసింది.

"ఒబ్దూలియో," అంది అత్త మూడోసారి, బావిలోకి వంగి. "అక్కడే ఉండు. పైకి రాకు. మావాళ్లు పట్టుకున్నారుగా, వాళ్లతోనే ఉండు."

పాకడం ఆగింది.

తర్వాత కిందనుంచి గొంతు వచ్చింది. మా నాన్నది కాదు, మావాళ్లెవరిదీ కాదు. నా కొట్లో కారం గురించి మాట్లాడిన గొంతే. "అమ్మా... ఇక్కడ చాలామంది ఉన్నారమ్మా... చెయ్యివ్వు..."

నేను ఒబ్దూలియో వంక చూశాను. కొవ్వొత్తి వెలుగులో నాకు మూరెడు దూరంలో కూర్చున్నాడు. వాడి నోరు మూసే ఉంది.