అంచులో వచ్చిన పేరు

పవిత్ర కత్తెర వేసింది. మగ్గం మీద బిగుసుకుని ఉన్న పడుగు పోగులు ఒక్కసారిగా తెగి వెనక్కి జారిపోయాయి. పక్క మగ్గం మీదున్న వాళ్ల నాయన మద్దిలేటి చేయి గాల్లోనే ఆగిపోయింది. నేస్తున్న చీరను మధ్యలో కోయడం ఆ ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ చూడలేదు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో మునీంద్ర చెప్పులు విడుస్తున్నాడు.

అతను కడపలో చీరల డిజైన్లు గీసి, ఆ బొమ్మల ప్రకారం చిల్లుల అట్టలు కొట్టించి, మాధవరం వచ్చి మగ్గాలకు బిగించిపోతుంటాడు. పక్క ఇళ్లలో గంటలో అయ్యే పని ఈ ఇంట్లో మాత్రం పూటంతా పట్టేది. ఎందుకో పవిత్రకు తెలుసు. తెలిసినట్టు కనబడనిచ్చేది కాదు.

సోమవారం కొత్త అట్టలు బిగిస్తూ, ఇది పెళ్లిచీర అనీ, అంచు వెంబడి ఇద్దరి పేర్లూ వస్తాయనీ చెప్పాడు. ఎవరివని అడిగితే, నేస్తూ పోతే తెలుస్తుందని నవ్వాడు. అట్టల్లో చిల్లులు చూసి పేరు చదవడం ఎవరి వల్లా కాదు. ఈ పొద్దున అంచులో ఒక్కో అక్షరమే బయటపడింది. మునీంద్ర.

పవిత్రకు చెవులు గింగురుమన్నాయి. తన చేతనే అతని పెళ్లిచీర నేయిస్తున్నాడు. రెండో పేరు వచ్చేదాకా ఆమె ఆగలేదు.

"ఎవరు కోసినారు?" అన్నాడు మునీంద్ర.

"నేనే. నీ పెళ్లిచీర ఇంకెవరితోనన్నా నేయించుకో పో."

అతని ముఖం నల్లబడింది. గిరుక్కున తిరిగి బండి దగ్గరికి పోయాడు. ఇంజను మోగింది. కాసేపటికి ఆగింది. చాలాసేపు ఆ బండి మీదే కూర్చుండిపోయాడు. తర్వాత లోపలికొచ్చి మద్దిలేటిని అడిగి చెంబెడు నీళ్లు తాగి, ఫోను తీసి ఆమె ముందు పెట్టాడు.

డిజైను బొమ్మ. మునీంద్ర. పక్కన ఒక పువ్వు. ఆ పక్కన, పవిత్ర.

ఆమె చేతిలోంచి కత్తెర జారిపోయింది.

రేపు మునీంద్ర వాళ్లమ్మ వస్తోందట. ఈ చీర చూపించి సంబంధం అడుగుదామనుకున్నాడట.

"నోటితో అడిగితే ఏమప్పా?" అన్నాడు మద్దిలేటి, ఇంకా తేరుకోకుండానే.

"భయమేసింది మామా." మునీంద్ర పవిత్ర వైపు తిరిగాడు. "నాకూ శానా కోపమొచ్చింది. ఈ కోపంలో పోతే మళ్లీ రాలేనని తెలిసి ఆగినా. నువ్వు కూడా కత్తెర పట్టే ముందు ఒక్క ఫోన్ చేసుంటే బాగుండు. ఇప్పుడన్నా నిదానంగా ఆలోచించి చెప్పు. నన్ను చేసుకుంటావా?"

పవిత్ర కిందపడ్డ కత్తెర తీసి పక్కన పెట్టింది. తెగిన పోగుల వైపు చూసింది. లోపలికి పోయి ముఖం కడుక్కొని వచ్చి, మళ్లీ అక్కడే కూర్చుంది. మునీంద్రకు చెమటలు పట్టాయి.

"ఏదో ఒకటి చెప్పరాదా?"

"ఆలోచిస్తాండా గదా."

మద్దిలేటి నవ్వు దాచుకోవడానికి దగ్గాడు.

"రేపు మీ అమ్మను రావద్దను," అంది ఆమె చివరికి. "ఈ పోగులన్నీ ఒక్కోటి అతకల్ల. చీర మొదట్నుంచీ నేయల్ల. వచ్చే ఆదివారం రమ్మను."

ఆ మాట అర్థం కావడానికి అతనికి కొంచెంసేపు పట్టింది.

"అట్లే ఆ అట్టలు మార్చుకొని రా," అంది పవిత్ర. "ఈసారి నా పేరు ముందు రావల్ల."