చల్లారని జనరేటర్

"ఆపండయ్యా... నా చెయ్యి... ఆపండి!"

వీధి చివర నుంచి వచ్చిందా కేక. వాన ముసురు పట్టి, దీపాలు పెట్టే వేళకే అవనిగడ్డ అంతా చీకటి కమ్మేసి ఉంది. బస్సులో కూర్చుని పాట పాడుతున్న రాజారత్నం పాట మధ్యలోనే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా దిగి పరుగెత్తాడు. మనిషి తీరే అంత. ఎవరికైనా ఆపదంటే ముందు కాళ్లు కదులుతాయి, బుర్ర తర్వాత వస్తుంది.

బస్సు అంటే మామూలు బస్సు కాదండోయ్. పాత టూరిస్టు బస్సుకి లోపల మంచాలు, వంటగట్టు, ఏసీ అన్నీ పెట్టి ఇల్లు చేసేశారు. గుడివాడలో ఉండే రాజారత్నం దాన్ని బందరు షెడ్డులో చూసి మనసు పారేసుకుని కొన్నాడు. భార్య సువర్ణనీ, కూతురు సుప్రియనీ, అల్లుడు మార్కునీ ఎక్కించుకుని దివిసీమ ఊళ్లన్నీ తిరుగుతూ సువార్త కూటాలు పెట్టడం ఆయన సరదా. మార్కు పరాయివాడేం కాదు, సొంత చెల్లెలి కొడుకే. సువర్ణ అయితే ఆ బస్సుని మా ఆయన రెండో సంసారం అనేది, నవ్వుతూనే అనుకోండి.

బస్సు వెనకాల అరలో జనరేటర్. లోపల సీటు కింద జోడెడ్లలాగా పక్కపక్కన రెండు ఇన్వర్టర్లు. బ్యాటరీలకి ఛార్జింగు ఎక్కించేవి అవే. ఒకడు పెద్దోడు, రెండోవాడు చిన్నోడు. పెద్దోడికి చెబితే చాలు, చిన్నోడు కూడా వింటాడు. పెద్దోడి మీట తిప్పితే ఇద్దరూ ఛార్జింగు ఆపేస్తారు, లోడు చూపించే ముల్లు సున్నాకి పడిపోతుంది. అప్పుడు కూడా జనరేటర్ని ఠక్కున ఆపకూడదు. ఎండనపడి వచ్చినవాడిని అరుగు మీద కాసేపు కూర్చోబెట్టి గానీ నీళ్లివ్వం కదా, అలాగే దాన్నీ ఏ బరువూ లేకుండా కాసేపు ఉత్తినే తిరగనివ్వాలి. ఒళ్లు చల్లారాలి. ఈ ఇంటివాళ్లు దానికి గడియారం చూసేవాళ్లు కారు. ఒక కీర్తన అందుకునేవాళ్లు. చివరి చరణం అయ్యాకే ఎర్ర బటన్ నొక్కడం.

ఆ పద్ధతి ఊరికే రాలేదు. బస్సు అమ్మిన రోజున షెడ్డువాళ్లు దాచకుండా చెప్పారు. ఏలీయా అని, ఈ బండికి ముందున్న మెకానిక్కు. యజమాని తొందరపెడితే కాగుతున్న ఇంజన్ని అలాగే ఆపేసి, బెల్టు బిగించడానికి చెయ్యి పెట్టాడు. బ్యాటరీ దిగిపోయిందని ఇన్వర్టర్లు వాటంతట అవే ఇంజన్ని లేపేశాయి. బెల్టు అతన్ని లోపలికి లాగేసింది. ప్రాణం పోయేదాకా అతను అరిచిన అరుపులు మైకు మోతలో ఎవరికీ వినపడలేదు. అందుకే బస్సు కొన్న రోజే మార్కు, ఇన్వర్టర్లు ఇంజన్ని లేపే ఆ స్టార్టు వైరుని కోసి పారేశాడు. రాజారత్నమేమో ప్రార్థన చేయించి, నూనె రాసి, ఇంకేం భయం లేదన్నాడు.

ఇప్పుడు వీధి చివర ఎవరూ లేరు. వాన. చూరుకింద ముడుచుకున్న ఒక కుక్క. మందుల షాపాయన తల బయటపెట్టి, ఏమైందండీ, ఎవరికి దెబ్బ తగిలిందని అడిగాడు. ఆ సంగతే కనుక్కుందామని వచ్చానన్నాడు రాజారత్నం.

షాపాయన వింతగా చూశాడు. "కేక మీ బస్సు దగ్గర నుంచే కదండీ వచ్చింది?"

రాజారత్నం వెనక్కి తిరిగాడు. చెవి పెట్టి విన్నాడు. వాన చప్పుడే తప్ప ఇంజను చప్పుడు లేదు. ఎవరో ఆపేశారు.

ఆపింది మార్కే. ఆపండి అన్న కేక వినగానే చెయ్యి దానంతటదే ఎర్ర బటన్ మీదికి వెళ్లిందట. పాట అవలేదు కదా అని సుప్రియ గొణిగితే, రెండు చరణాలు తగ్గితే ఇంజనేమైనా అలుగుతుందా అని వేళాకోళం ఆడాడు. ఆ నవ్వు మొహం మీద ఉండగానే ముల్లు చూశాడు. ఇంజను ఆగిపోయింది, ముల్లు మాత్రం మెల్లగా పైకి లేస్తోంది. ఏదో లోడు లాగుతోంది. ఏదైనా వైరు కరిగి అతుక్కుందేమోనని బ్యాటరీ లైటు పట్టుకుని వెనక అర తలుపు తీశాడు.

రాజారత్నం వచ్చేసరికి మార్కు భుజం దాకా లోపలికి వంగి ఉన్నాడు. డీజిలు వాసన, కాగిన రబ్బరు వాసన. వాటి కింద, వెంట్రుకలు కాలిన వాసన...

"చెయ్యి తియ్యరా" అన్నాడు రాజారత్నం.

మార్కు తిరిగి చూడలేదు. గుసగుసగా అన్నాడు. "మావయ్యా... లోపల ఎవరో పట్టుకున్నారు."

ఇంజను లేచింది.

బటన్ ఎవరూ నొక్కలేదు. స్టార్టు వైరు లేదు. అయినా లేచింది. ఒక్క ఊపున మార్కుని లోపలికి లాగింది. నుదురు ఇనుప చట్రానికి కొట్టుకుని చిట్లింది. మళ్లీ లాగింది. మళ్లీ కొట్టుకుంది. రాజారత్నం అల్లుడి నడుం వాటేసుకుని వెనక్కి గుంజాడు. సువర్ణ వచ్చి భర్త నడుం పట్టుకుంది. ముగ్గురూ కలిసినా లోపలి బలం ముందు ఆగడం లేదు. రాజారత్నం తన చెయ్యి కూడా లోపలికి దూర్చి తడిమాడు. మార్కు మణికట్టు తగిలింది. దాని చుట్టూ వేళ్లు. మార్కువి కావు.

కింద పడున్న పానా అందుకుని ఆ వేళ్ల మీద కొట్టాడు. ఎముక పటుక్కుమంది. పట్టు సడలలేదు. మళ్లీ కొట్టాడు. వెచ్చటి నెత్తురు మొహం మీద చిమ్మింది. నోట్లోకి పోయింది. మళ్లీ కొట్టాడు... వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి.

డీజిలు గొట్టం పీకేశాడు. ఇంజను ఆగలేదు.

"సుప్రియా! ముల్లు ఎక్కడుంది?"

పైకి పోతూనే ఉందని లోపల నుంచి ఏడుస్తూ చెప్పింది. పెద్దోడి మీట తిప్పెయ్యమన్నాడు. తిప్పింది. ముల్లు సగం దిగి ఆగిపోయింది. ఎప్పుడూ మాట జవదాటని చిన్నోడు వినడం లేదు. ఒక్కడే లాగుతున్నాడు. ఇవతల మార్కు చెవి అప్పటికే బెల్టుకి జానెడు దూరంలో ఉంది.

సుప్రియ ఇంక అడగలేదు. జాకీ రాడ్డు రెండు చేతులా ఎత్తి చిన్నోడి మీద దించింది. నిప్పులు లేచాయి. మళ్లీ దించింది. రేకు చీలింది. అడ్డమైన తిట్లన్నీ తిడుతూ, పాస్టర్లు వింటే చెవులు మూసుకునే తిట్లు, అది ముక్కలయ్యేదాకా బాదింది. ముల్లు సున్నాకి పడింది.

ఇంజను గొంతు తేలికపడింది. బరువు దిగిన గొంతు. కానీ తిరుగుతూనే ఉంది. పట్టు కూడా అలాగే ఉంది.

అప్పుడు తట్టింది రాజారత్నానికి. దానికింకా ఒళ్లు చల్లారలేదు.

వదిలేసిన చోటినుంచి పాట అందుకున్నాడు. నోట్లో నెత్తురుతో, రాగం తాళం లేకుండా. సువర్ణ కలిసింది. లోపల నుంచి సుప్రియ కలిసింది. ఇరుకు అరలో నలిగిపోతూ మార్కు కూడా పెదాలు కదిపాడు. ఒక్కో చరణానికి ఆ వేళ్లు ఒక్కోసారి బిగిశాయి, ఒక్కోసారి వదులయ్యాయి... చివరి మాట దగ్గర ఇంజను రెండు సార్లు దగ్గి, ఆగింది.

మార్కు వెనక్కి విరుచుకుపడ్డాడు.

కూటానికి వీళ్లని పిలిచిన ఎలీసబెతు నర్సు ఇల్లు ఆ పక్కనే. గొడవ విని గొడుగు కూడా లేకుండా వచ్చింది. నుదుటికి కట్టు కట్టి, చెయ్యి వేలు వేలునా నొక్కి చూసింది. విరగలేదు, తెగలేదు, మణికట్టు కమిలింది అంతేనంది. మరి ఇంత నెత్తురు ఎక్కడిదని అడగబోయి, బస్సు వెనక అరలోంచి వాననీళ్లలోకి కారుతున్నదాన్ని చూసి, ఆ మాట మింగేసింది. పొద్దున్నే ఒకసారి ఎక్స్‌రే తీయిద్దాం, ముందు నాలుగు మెతుకులు తినండి, వణుకు తగ్గుతుంది అని అందరినీ ఇంట్లోకి నడిపించింది.

వరండాలో చాప పరిచి కంచాలు పెట్టింది. వేడన్నం, చేపల పులుసు. రాజారత్నం ప్రార్థన మొదలుపెట్టాడు గానీ, నా బిడ్డని నాకు మిగిల్చావు ప్రభువా అన్న దగ్గర ఆగిపోయాడు. ఆమెన్ సువర్ణే చెప్పింది. సుప్రియ మొగుడి పక్కనే కూర్చుని అన్నం కలిపి పెట్టబోయింది. నేను తింటాలేవే అన్నాడు మార్కు. అందరికీ కాస్త నవ్వొచ్చింది. ప్రాణం కుదుటపడింది.

మార్కు ముందు మంచినీళ్లు అడిగాడు. గ్లాసు ఎత్తి గటగటా తాగాడు. ఇంకో గ్లాసు. ఇంకోటి. చెంబు ఇటివ్వమన్నాడు.

గడ్డం మీంచి జారిన నీటిచుక్క ఒకటి ఒళ్లో పెట్టుకున్న ఆ కమిలిన మణికట్టు మీద పడింది.

చుర్రుమని ఆవిరి లేచింది.

మార్కు చూసుకోలేదు. రాజారత్నం చూశాడు. సుప్రియ చూసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎలీసబెతు పులుసు గిన్నె పట్టుకొచ్చి, అలా చూస్తారేంటి, చల్లారిపోతుంది తినండి అంది.

అందరూ కంచాల మీదికి వంగారు.