మ్యాగజైన్ లేని పిస్టల్

"శాక్రమెంటో కేసు మూసేశాం," అన్నాడు చీఫ్ హాలరన్. "బరేరా సామాన్లు వాళ్ళావిడకి అప్పగించి రా. నీ మిషన్ అంతే."

ఏజెంట్ వెండెల్ ఫైలు తెరిచాడు.

శత్రుదేశం నుంచి పారిపోయి వచ్చిన క్షిపణి శాస్త్రవేత్త కోర్విన్, రహస్య గృహంలోని వంటగదిలో తూటా తగిలి చనిపోయాడు. కాపలా ఉన్న ఏజెంట్ బరేరా మ్యాగజైన్, అంటే తూటాలుండే అర, ఊడదీసి పిస్టల్ తుడుస్తున్నాడట. లోపల ఒక తూటా మిగిలిపోయిందని చూసుకోకుండా ట్రిగ్గర్ నొక్కాడట. కళ్ళారా చూశానని వాంగ్మూలం ఇచ్చింది ఏజెంట్ డెల్ఫీన్. వర్జీనియా నుంచి నెల కిందటే వచ్చిన అందగత్తె.

బరేరాకి మాత్రం ఆమె ఇచ్చిన కాఫీ తాగడం తప్ప ఇంకేదీ గుర్తు లేదు. ఆమె చెప్పిందే నమ్మాడు. రెండో రోజు జైలు గదిలో దుప్పటి చింపి ఉరేసుకున్నాడు.

బరేరా, వెండెల్ పదకొండేళ్ళుగా స్నేహితులు. సామాన్ల పెట్టెలో పిస్టల్ కొన్న రసీదు కనబడింది. ఇదే రాష్ట్రంలోని రోజ్‌విల్‌లో, మామూలు షాపులో, సొంతంగా కొనుక్కున్నది. వెండెల్ ఆ రసీదు తీసుకుని నేరుగా ల్యాబ్‌కి వెళ్ళాడు.

కాలిఫోర్నియా రాష్ట్రంలో అమ్మే పిస్టళ్ళు చట్టానికి సరిపోతున్నాయో లేదో అక్కడ పరీక్షిస్తారు. ఇరవై ఏళ్ళుగా ఆ పని ఆగ్నెస్ మురాటాది. ఆమె రసీదు మీది మోడల్ చూసి, బీరువాలోంచి అలాంటిదే ఒకటి తీసింది. డమ్మీ తూటా పెట్టి, మ్యాగజైన్ లాగేసి అతని చేతికిచ్చింది.

"నొక్కు."

ట్రిగ్గర్ వదులుగా ఆడింది. తూటాని కొట్టే సుత్తి కదల్లేదు.

"గట్టిగా నొక్కవయ్యా, అన్నం తినలేదా?"

మళ్ళీ నొక్కాడు. కదల్లేదు.

"మ్యాగజైన్ తీస్తే ఖాళీ అయిందనుకుని ట్రిగ్గర్ నొక్కి, ఇంట్లో వాళ్ళనే చంపుకునేవాళ్ళు జనం. అందుకే మ్యాగజైన్ లేకపోతే పేలకుండా ఆపే ఈ తాళం ఉండాలని మన రాష్ట్రం చట్టం చేసింది. పాత మోడళ్ళకి లేదు. దీనికి ఉంది."

"వర్జీనియాలో?"

"అక్కడ ఈ తాళం ఎవరూ అడగరు."

"బరేరా పిస్టల్లో ఈ తాళం పీకేసి ఉంటే?"

"పోలీసులు ఇక్కడికే పంపారు. పొద్దున్నే చూశాను. తాళం చెక్కుచెదరలేదు, మ్యాగజైన్ లేకుండా అది పేలే ప్రశ్నే లేదు. రిపోర్టు రేపు పంపేదాన్ని."

వెండెల్ చీఫ్‌కి ఫోన్ చేశాడు. "కోర్విన్ భార్య ఇర్మా ఎక్కడుంది సార్?"

"లోడై దగ్గర చిన్న విమానాశ్రయంలో. రెండింటికి వేరే ఊరికి మారుస్తున్నాం."

"ఎవరు తీసుకెళ్తున్నారు?"

"డెల్ఫీన్."

రెండు కావడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. విమానం పంకా తిరుగుతోంది. నూనె మరకల మెకానిక్ కోటు తొడుక్కుని, తల వంచుకుని వెండెల్ రన్‌వే మీదికి నడిచాడు. డెల్ఫీన్ ముసలావిడ ఇర్మా మోచెయ్యి పట్టుకుని మెట్ల వైపు తీసుకెళ్తోంది. పైలట్ తమ మనిషి కాదు.

ప్రమాదం వస్తే నేలకి కరుచుకుపొమ్మని ఇర్మాకి నేర్పిన సంకేతపదం ఒకటుంది.

"ఆర్టిచోక్!" అని అరిచాడు వెండెల్.

ఇర్మా ధబ్బున పడిపోయింది. డెల్ఫీన్ తూటా వెండెల్ చెవి పక్కనుంచి దూసుకుపోయింది. అతని తూటా ఆమె భుజంలో దిగింది. పైలట్ చేతులెత్తేశాడు.

డెల్ఫీన్ నెత్తురోడుతూ నవ్వింది. "ఎక్కడ దొరికిపోయాను?"

"కాలిఫోర్నియాలో."

సాయంత్రం బరేరా ఇంటి తలుపు తీసింది అతని భార్య ఇనెస్. వంటింట్లో బీన్స్ మాడిన వాసన. లోపల ఇద్దరు పిల్లలు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

"మీ ఆయన తప్పేం లేదు, ఇనెస్. మ్యాగజైన్ తీస్తే ట్రిగ్గర్ పనిచెయ్యకూడదని చట్టం ఉంది. ఆయన పిస్టల్ అలాంటిదే, రుజువైంది."

ఆమె పెట్టె అందుకుంది. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి.

"ఆయనకి చెప్పారా?" అంది.

వెండెల్ జేబులోంచి పిస్టల్ రసీదు తీసి పెట్టె మీద పెట్టాడు.

"సరేలెండి. ఆయన తప్పు లేదని కాగితం మీద రాసివ్వండి. ఈ రాష్ట్రంలో ట్రిగ్గర్‌కి కూడా చట్టం ఉందట. ఆయన పేరుకీ ఏదో ఒకటి ఉండాలిగా."