చెక్క వెనక నల్ల బూజు

వీధిలో అందరూ ఆవిణ్ణి టైలరమ్మ అనే పిలిచేవాళ్లు. ఆ కింది వాటా ఇంట్లోకి దిగిన రోజే కుట్టుమిషన్ని కిటికీ పక్కన వేయించుకుంది. వెలుతురు ధారాళంగా పడుతుంది, మిషన్ ముందు కూర్చుంటే వచ్చేపోయేవాళ్లూ కనిపిస్తారు. ఇంకేం కావాలి అనుకుంది.

తోడుగా వదిన ఉంది. అన్నయ్య ఓడ మీద వంటవాడు. ఏడాదిలో తొమ్మిది నెలలు నీళ్ల మీదే. ఇద్దరాడవాళ్లూ ఒకే ఈడు వాళ్లు కావడంతో కబుర్లకేం కరువు లేదు. వదిన ముందుగదిలో, టైలరమ్మ వెనకగదిలో పడుకునేవాళ్లు. వెనకగదిలో ఒక గోడకి నేల నుంచి కప్పు దాకా ప్లైవుడ్ కొట్టి, మీగడ రంగు వేసి ఉంది. గది ముచ్చటగా ఉందని టైలరమ్మ మంచం ఆ చెక్కగోడ వారనే వేసుకుంది.

వానలు పట్టుకున్నాయి. పదిరోజులు ఎండ మొహం చూడలేదు. ఉతికిన గుడ్డలు ఆరవు, ఆరినా ఒక వాసన. తడిసిన అట్టపెట్టెని మూసి పెడితే వచ్చే వాసన. ముందు గుడ్డల్లో, తర్వాత దిండులో, ఆ తర్వాత నోట్లో. ఏం తిన్నా నాలుక మీద మట్టి రుచి తగిలేది.

దగ్గు మొదలైంది. పొద్దున లేచేసరికి తల ఇటుకలా బరువు. పాతికేళ్లుగా కత్తెర పట్టిన మనిషి, ఒకరోజు ఒకే జాకెట్టుకి రెండూ ఎడమచేతులే కత్తిరించింది. నవ్వేసి, గుడ్డ మళ్లీ కొలిచి కత్తిరించింది.

అప్పుడే ఒక పెద్దింటివాళ్లు పరదాలు కుట్టమని పిలిచి, పని అయ్యేదాకా రెండురోజులు అక్కడే ఉంచుకున్నారు. అక్కడ దగ్గు లేదు. తల తేలిగ్గా ఉంది. తిన్నది తిన్నట్టు రుచించింది. తిరిగి ఇంటికొచ్చి, వదిన ఇచ్చిన టీ తాగి పడుకుంటే మర్నాటికి మళ్లీ అదే బరువు, అదే మట్టి రుచి.

అనుమానం అలా పుట్టింది.

ఆ రోజు నుంచి టీ గ్లాసు పుచ్చుకుని, వదిన అటు తిరగ్గానే తూములో పారబోసేది. వదిన ఏ డబ్బా తీస్తోంది, ఏ చెంచా వాడుతోంది, ఓరకంట కనిపెట్టేది. వదిన కూడా తేడాగానే ఉంది. తన కంచం తనే కడుక్కునేది. తన మంచినీళ్లు వేరే చెంబులో, మూత పెట్టి మరీ దాచుకునేది.

తప్పు చేసినవాళ్లకే ఇన్ని జాగ్రత్తలు అనుకుంది టైలరమ్మ.

ఒక మధ్యాహ్నం జోరున వాన. చీకటి కమ్మినట్టుంది గది. టైలరమ్మ మంచం మీద ఒరిగి కళ్లు మూసుకుంది. వాన చప్పుడు... కిటికీ పైరేకు మీద ఎక్కడో ఒక్కో చుక్క... ఆ రెంటి మధ్యా ఒక గుసగుస.

"ఇంకా పడుకోలేదు..."

వదిన గొంతు. పక్కగదిలో ఎవరితోనో అంటోంది.

"కళ్లు మూసుకుంది గానీ... పడుకోలేదు."

టైలరమ్మ చప్పుడు కాకుండా లేచి, గోడలు పట్టుకుంటూ ముందుగదిలోకి వెళ్లింది. వదిన ఒక్కత్తే ఉంది. తలుపు వెనక నిలబడి ఉంది. చేతిలో అట్లకాడ.

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

"నా టీలో ఏం కలుపుతున్నావ్ వదినా?" అడిగింది టైలరమ్మ.

"నేను నిన్నే అడుగుదామనుకుంటున్నా," అంది వదిన. మాట పూర్తి కాకుండానే దగ్గు తెర ముంచుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఊపిరి తిప్పుకుని, మెల్లగా అడిగింది. "ఇప్పుడు ఎవరితో మాట్లాడావ్ నువ్వు? 'ఇంకా పడుకోలేదు' అని ఎవరికి చెప్పావ్?"

"నేను నోరే విప్పలేదు. ఆ మాట నాకు నీ గొంతుతోనే వినిపించింది," అంది టైలరమ్మ.

సాయంత్రం ఇద్దరూ ఒకే గొడుగులో డాక్టరమ్మ దగ్గరికెళ్లారు. ఆవిడ ఇద్దరి ఛాతీలూ పరీక్షించి, మందు రాయకముందే అడిగింది.

"ఇంట్లో తడిగోడలున్నాయా? బయటికెళ్తే తగ్గుతోందా?"

"రెండురోజులు వేరేచోట ఉంటే హాయిగా ఉన్నాను," అంది టైలరమ్మ.

"అయితే బూజు అయ్యుండొచ్చు. చెమ్మ పట్టిన చోట పెరుగుతుంది. దాని పొడి గాలిలో కలిసి ఊపిరితో లోపలికి పోతే దగ్గూ ఆయాసమూ వస్తాయి. కొన్ని బూజులకి విషం కూడా ఉంటుంది. తలబరువూ మతిమరుపూ దాని వల్లేనని గట్టిగా చెప్పలేను గానీ, గోడలు చూపించండి. ముందు ఆ గదిలో పడుకోవడం మానండి."

"మరి మాటలు వినిపించడమో? ఇద్దరికీ ఒకటే వినిపించింది," వదిన గొంతు తగ్గించి అడిగింది.

"ఒంట్లో బాగాలేక, నిద్ర లేక ఏవేవో వినిపిస్తుంటాయి." డాక్టరమ్మ కలం ఆగింది. "ఇద్దరికీ ఒకే మాటా?"

తల వంచి మందులు రాసిచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు వదిన టైలరమ్మ చెయ్యి వదల్లేదు. "నువ్వు నాకు విషం పెడుతున్నావనుకున్నానే," అని ఏడ్చింది. "నేనూ అంతేగా," అని టైలరమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ రాత్రి ముందుగదిలోనే ఇద్దరూ పడుకున్నారు.

మర్నాడు పొద్దున్నే వడ్రంగి వచ్చాడు. ముక్కుకి గుడ్డలు కట్టుకోమని ఇద్దరికీ చెప్పి, మంచం లాగేసి, మేకులు పెరికి చెక్క ఊడదీశాడు. ఆ వాసనకి ముగ్గురూ వెనక్కి తగ్గారు. గోడలో పైపు పగిలి ఎన్నాళ్లయిందో. గోడంతా నలుపు. కాటుక పూసినట్టు, తడిగా, మెత్తగా. చెక్క లోపలివైపు కూడా అంతే.

"ఇదమ్మా మీ జబ్బు," అన్నాడు వడ్రంగి.

టైలరమ్మకి ప్రాణం లేచొచ్చింది. కంటికి కనిపించే శత్రువు. కడిగేస్తే పోతుంది.

అంతలో వడ్రంగి చెక్కని వెలుతురుకి తిప్పి, ఆగిపోయాడు.

నల్లటి బూజు మధ్యలో, నేలకి మూరెడు ఎత్తున, ఒకచోట చెక్క శుభ్రంగా ఉంది. ఒక చెవి. ఒక చెంప. అటూ ఇటూ రెండు అరచేతులు. అవి ఆనిన మేర మాత్రం చుక్క బూజు లేదు.

టైలరమ్మ దిండు ఉండేది సరిగ్గా అక్కడే.

"రోజూ ఏదో ఒకటి ఆనుతూ ఉంటేనే ఇలా..." అంటూ వడ్రంగి చెక్కకీ గోడకీ మధ్య ఉన్న ఖాళీని వేళ్లతో కొలిచాడు. నాలుగు వేళ్లు. మనిషి తల పట్టని సందు.

ఆ రోజే వాళ్లు సామాను సర్దుకుని, ఊరికి అటువైపు రెండో అంతస్తులో ఒక ఇంట్లోకి మారిపోయారు. ఎండ పడే గదులు. తెల్లటి, పొడి గోడలు. నాలుగోరోజుకి దగ్గు తగ్గింది. వదిన పెట్టిన టీ టైలరమ్మ చివరి చుక్క దాకా తాగింది. టీ రుచి తెలిసింది.

ఆ మధ్యాహ్నమే వడ్రంగి ఫోన్ చేశాడు.

"అమ్మా, వాన వెలిశాక ఆ చెక్క ఎండలో పెట్టాను. బూజంతా ఎండి రాలిపోయింది. కానీ..."

"కానీ?"

"ఆ చెంప ఉన్నచోట... ఇన్నాళ్లూ పట్టనిది, ఇప్పుడు పట్టిందమ్మా. చెవీ, చేతులూ... అవి మాత్రం నల్లగా. తడిగా. అంటే ఇన్నాళ్లూ అక్కడ ఆనుకుని ఉన్నదేదో ఇప్పుడు లేనట్టేగా?"

టైలరమ్మ ఫోన్ పెట్టేసి తన మంచం వైపు చూసింది. దిండు గోడకి ఆనుకుని ఉంది. లేచి, మంచం ఒక కోడు పట్టుకుని గది మధ్యలోకి లాగసాగింది.

వదిన వచ్చి రెండో వైపు పట్టుకుంది.