బండి వెనక గొంతు

ఆ పాడుబావి పక్కన చీకటి పడ్డాక బండి వెనక్కి తియ్యకూడదంటారు. ముందుకు పోతే ఏమీ కాదు. ఆగి నిలబడినా ఏమీ కాదు. రివర్సు గేరు పడిందా… వెనక నుంచి ఒక ఆడగొంతు అరుస్తుంది. అంతే. బండి బావిలోకి పోతుంది.

ఒక గడ్డి లారీ, ఒక ట్రాలీ ఆటో, ఒక నీళ్ల ట్యాంకరు అలాగే పోయాయి. నడిపినవాళ్లు దూకి బతికారు. బతికిన మగవాళ్లు ఊరికే ఉంటారా — "పగబట్టింది, లాగేసుకుంటోంది" అని కనిపించిన వాళ్లందరికీ చెప్పారు. ఏమని అరుస్తుందో మాత్రం ఒక్కడూ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

ఈ సంగతి నాకు చెప్పింది మా పళ్ల డాక్టరు. నా దవడపన్నుకి సిమెంటు పెడుతూ చెప్పింది. నోరు తెరిచిపెట్టుకుని పడుకున్నదాన్ని, మధ్యలో అడ్డుపడలేను. నాలాంటి దానికి ఒక కథ పూర్తిగా వినిపించాలంటే అదొక్కటే మార్గం.

ఆమె ఒక్కతే ఉంటుంది. పాత అంబులెన్సు కొని, స్ట్రెచరు ఉండే చోట మంచం, ఆక్సిజన్ సిలిండరు ఉండే చోట గ్యాస్ పొయ్యి పెట్టించుకుంది. సెలవు దొరికితే చాలు, అందులోనే తిరుగుతుంది. వెనక తలుపుకి అడ్డంగా బట్టల బీరువా. అద్దంలో వెనక ఏమీ కనిపించదు.

"ఒంటరితనం అంటే అందరూ మంచం గురించే మాట్లాడతారు," అంది. "అసలు సంగతి రివర్సులో తెలుస్తుంది. దిగి వెనక చూసుకోవాలి. ఎక్కి కాస్త తియ్యాలి. మళ్లీ దిగాలి. వానలోనైనా సరే. 'రానీ, రానీ' అనే మనిషి ఎవరూ ఉండరు."

అలాంటి మనిషి దొరికాడు. వీడియోలు తీసే అతను. పంటి నొప్పితో వచ్చి, నొప్పి తగ్గాక కూడా రావడం మానలేదు. టీ పెడతాడు, నవ్విస్తాడు. మంచివాడు. ఆ మాట నేను అడక్కుండానే చాలాసార్లు చెప్పింది.

అతని అన్నకి పొలం ఉంది. పొలంలోనే ఇల్లు, పశువుల కొట్టం, వెనక ఖాళీ దొడ్డి. అంబులెన్సుని ఆ దొడ్లో శాశ్వతంగా నిలిపేసి, ఇద్దరం అక్కడే ఉండిపోదామన్నాడు.

"క్లినిక్కు మూసేయ్, డాక్టరమ్మా. పొద్దున్నే తలుపు తీస్తే పొలం. ఇంకేం కావాలి?"

ఆమె సగం ఒప్పుకుంది. మిగతా సగం చూసి చెబుతానంది.

వాళ్లు చేరేసరికి చీకటి పడింది. అన్న గేటు తీశాడు. భార్య పోయిన మనిషి. మాటలు అరిగిపోతాయేమో అన్నట్టు మాట్లాడతాడు.

"బండి ఇక్కడే ఉంచండమ్మా. దొడ్లోకి పొద్దున పెట్టుకోవచ్చు."

"ఏం?"

అన్న తమ్ముడి వైపు చూశాడు. "నువ్వు చెప్పలేదా?"

అప్పుడు తెలిసింది. ఆ బావి ఈ దొడ్లోదే. అరిచే గొంతు ఈ ఇంటి ఇల్లాలిది, తమ్ముడికి స్వయానా వదినది. ఒక సాయంత్రం మొగుడు ట్రాక్టరు వెనక్కి తీస్తుంటే, వెనక నిలబడి దారి చూపిస్తూ… బావిలో పడిపోయింది. ఆమె వెంటే పిట్టగోడ, గోడ వెంటే ట్రాక్టరు పడ్డాయి.

"భయపడతావని చెప్పలేదు," అన్నాడు తమ్ముడు. "ఇంత చదువుకుని దెయ్యాలేంటి? నేను వెనక ఉంటాగా. పద."

నేను వెనక ఉంటా… ఆ మాట కోసం ఎన్నేళ్లు చూసిందో ఆమెకే తెలుసు. రివర్సు గేరు వేసింది.

కిటికీ అద్దం దించింది. వెనక దీపాల ఎరుపు తప్ప అంతా చీకటి. కొట్టంలో ఒక గేదె తల విదిలించింది. మెడగంట మోగి… ఆగింది.

"రానీ… రానీ…" అతని గొంతు. మంచి హుషారుగా ఉంది.

వచ్చింది.

"ఇంకా చోటుంది… రానీ…"

వచ్చింది. భయం వెయ్యలేదట. ఒళ్లంతా తేలికైపోయిందట. దిగక్కర్లేదు, చూడక్కర్లేదు… చూసే మనిషి ఉన్నాడు.

"రానీ… రా—"

"ఆపు!"

ఆడగొంతు. చెవి పక్కనే. గొంతు చించుకుని అరిచిన అరుపు…

ఆమె కాలు బ్రేకు మీద పడింది.

ఇంజను ఆగింది. వెనక ఎక్కడో… చాలా కింద… నీళ్లలో ఒక రాయి పడ్డ చప్పుడు.

దిగి చూసింది. పిట్టగోడ కూలిన చోట గడ్డి ఏపుగా పెరిగి బావి నోరు కప్పేసింది. వెనక చక్రం సరిగ్గా ఆ అంచు మీద ఉంది. చుట్టూ మనిషి లేడు. అతను… కొట్టానికి అవతల, అంత దూరంలో, ఫోను ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎందుకాపావు? చీకట్లో ఆ ఎర్ర లైట్లు ఎంత బాగా వస్తున్నాయో! మన కొత్త జీవితం మొదటి వీడియో!"

"నువ్వు వెనక లేవా?"

"ఇక్కణ్ణుంచి అంతా కనిపిస్తోంది కదా. రానీ అంటూనే ఉన్నా!"

"ఎవరో అరిచారు. వినలేదూ?"

"ఎవరరుస్తారు? గాలి."

అన్న టార్చి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వెలుగు చక్రం మీద పడింది.

"అరిచిందా?" గుసగుసగా అడిగాడు.

"అరిచింది."

"ఏమని?"

"ఆపమని."

"మీరు… ఆపారా?"

"ఆపమంటే ఆపరా?"

ఆయన టార్చి బావి వైపు తిప్పాడు. "ఆ రోజు కూడా… అదే మాట," అన్నాడు.

మిగతాది ఆయన చెప్పక్కర్లేదు. లారీ వాడూ, ఆటో వాడూ, ట్యాంకరు వాడూ ఆ మాటే విన్నారు. ఆడదెయ్యం అని బెదిరిపోయి యాక్సిలరేటరు ఇంకా గట్టిగా తొక్కారు. వాళ్లకి భయమన్నా ఉంది. ట్రాక్టరు మీద కూర్చున్న మొగుడికి అదీ లేదు. ఒంట్లో ప్రాణమున్న పెళ్లాం అరుస్తుంటే, దీని మాటేంటిలే అనుకుని తొక్కాడు.

ఇన్నేళ్లూ ఆమె ఎవర్నీ లాగలేదు. ఆపుతూనే ఉంది.

డాక్టరు మళ్లీ బండెక్కింది. ఆ అంచు నుంచి ముందుకు లాగింది. గేటు వైపు తిరగాలంటే ఇంకోసారి వెనక్కి తియ్యాలి. అతను కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"సారీ, సారీ. ఈసారి నిజంగా వెనక నిలబడతా. ఒట్టు."

"అక్కర్లేదు," అంది. "వెనక మనిషుంది."

అతను నవ్వాడు. అన్న నవ్వలేదు. బండి వెనకవైపు చూసి, ఒక అడుగు పక్కకి వేశాడు… ఎవరికో దారి ఇస్తున్నట్టు.

ఆ ఇరుకులో, ఆ చీకట్లో, ఒక్కసారి కూడా దిగకుండా బండి తిప్పుకుని వచ్చేసిందట. మళ్లీ అదే క్లినిక్కు. మళ్లీ ఒక్కతే.

నా నోట్లో దూది తీసింది. పుక్కిలించి, అప్పటిదాకా ఆపుకున్న ప్రశ్న అడిగాను.

"రెండోసారి కూడా అరిచిందా?"

ఆమె పనిముట్లు సర్దుకుంటోంది. నా వైపు చూడలేదు.

"లేదు. ఈసారి మెల్లగానే చెప్పింది. 'రానీ… రానీ… నేను చూస్తున్నాగా,' అంది."