గుండె కొట్టుకునే ఇల్లు

మా వీధి చివర ఒక ఖాళీ ఇల్లుంది. ఈమధ్య గుండె కొట్టుకునే ఇల్లంటున్నారు దాన్ని. చీకటి పడ్డాక గోడకి చెవి పెడితే లోపల్నించి... టక్, టక్, టక్. ఆ వెనకే పసిబిడ్డ మూలుగు. చెవి పెట్టి విన్నదెవరని మాత్రం అడక్కండి — నాతో చెప్పినవాళ్లందరికీ ఇంకెవరో చెప్పారట. ఇల్లుగలాయన ఎంత బతిమాలినా అద్దెకి ఒక్కరూ రాలేదు.

మా మరిదికి దెయ్యాలంటే లెక్కలేదు. బ్రెడ్డు బట్టీలో రాత్రి పని. "నన్ను చూసి దెయ్యమే దడుచుకోవాలి వదినా" అనేవాడు. అతనికి పడనివి కుక్కలు.

"ఈ గుమ్మంలోకి కుక్కొస్తే నేను బయటికి పోతా" అన్నాడోసారి.

"చెప్పి పోండి, తలుపేసుకోవాలి" అంది నా తోడికోడలు.

ఒక రాత్రి పని తొందరగా తెమిలింది. ఒంటినిండా పిండితోనే ఇంటికి బయల్దేరాడు. సిగరెట్టు వెలిగించుకుందామని ఆ గోడ పక్కన ఆగాడు.

టక్, టక్, టక్.

గాలి కూడా లేదట. లోపల ఎవరో గుసగుసగా — "తాగమ్మా... ఒక్క చుక్క... పోవద్దమ్మా..."

పరిగెత్తేవాడే. కానీ అగ్గిపుల్ల వెలుగులో గుమ్మం ముందు చెప్పులు కనపడ్డాయి. ఎడమదానికి నల్లదారం కుట్టు. ఆ కుట్టు వేసింది తనే... చెప్పులు తన పెళ్లానివి!

దెయ్యం పట్టుకుపోయిందనుకున్నాడు. కాళ్లు వెనక్కి లాగుతున్నా... భుజంతో తలుపు తోశాడు.

మూల జుట్టు విరబోసుకున్న ఆడమనిషి. ఒళ్లో ఏదో కదులుతోంది. ఆమె తలెత్తింది... గుమ్మంలో తెల్లటి ఆకారాన్ని చూసి కెవ్వుమంది. ఇతనూ కెవ్వుమన్నాడు. ముందు అరిచిందెవరో ఇప్పటికీ తేలలేదు.

"ఏమండీ... మీరా?"

తల్లి లారీ కింద పడి పోయిన కుక్కపిల్లలు. ఇంటికి తెస్తే మొగుడు పోతానన్నాడని, అతను పనికెళ్లగానే ఇక్కడికొచ్చి సీసాతో పాలు పడుతోంది. తువ్వాల్లో చుట్టి పెట్టిన గడియారం ఒకటి — తల్లి గుండె చప్పుడనుకుని పడుకుంటాయట.

"తర్వాత తిడుదురుగానీ... ఈ చిన్నది చల్లబడిపోతోందండీ. ఒళ్లు వేడెక్కితేగానీ పాలు తాగదు. మీరు బట్టీ దగ్గర్నించేగా వచ్చారు. పట్టుకోండి."

"నేనా? కుక్కనా?"

"దెయ్యాన్నయితే పట్టుకునేవారా?"

గుండీలు విప్పి చొక్కా లోపల పెట్టుకున్నాడట. తెల్లారేదాకా కదల్లేదు. అప్పుడది మూతి మెల్లగా కదిపి, పాలకోసం అతని ఛాతీ అంతా వెతికిందట. ఆ మాట చెప్తూ మా మరిది మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

ఇంక ఇంటికి తెచ్చేస్తారనుకున్నాను. "అన్న మాట అన్న మాటే వదినా. నా ఇంట్లోకి కుక్క రాకూడదు" అన్నాడు.

మొన్న సాయంత్రం ఎవరో ఆ ఇల్లు చూడ్డానికొచ్చారు. ఇల్లుగలాయన తలుపు మీద చెయ్యి వేశాడో లేదో... లోపల్నించి బొంగురు గొంతుతో ఒక్క ఏడుపు! వచ్చినవాళ్లు వెనక్కి చూడలేదు. ఇల్లుగలాయన వాళ్లకంటే ముందున్నాడు.

ఇప్పుడా ఇంట్లోకి మగదెయ్యం కూడా చేరిందని వీధంతా చెప్పుకుంటున్నారు.