పై పోర్షన్ తలుపు

షటిల్ కాక్ పైకి లేచింది కానీ కిందికి రాలేదు.

తిరుమల బ్యాట్ పట్టుకుని తలెత్తి చూసింది. అది మొదటి అంతస్తు బాల్కనీ గోడకు తగిలి లోపల పడిపోయింది. మంచిది అదొక్కటే ఉంది. మిగతా వాటికి ఈకలన్నీ ఊడిపోయాయి.

ఒంటిపూట బడి కాబట్టి ఇంటికొచ్చి గంట దాటింది. ఎండకు గల్లీలో ఒక్కరూ లేరు. మమ్మీ, డాడీ డ్యూటీకి వెళ్ళారు. బాపమ్మ, అంటే డాడీ వాళ్ళమ్మ సమ్మమ్మ, కూలర్ ముందు చాప వేసుకుని నిద్రపోతోంది.

పై పోర్షన్‌లో సోహెల్ వాళ్ళు కిరాయికి ఉంటారు. సోహెల్, తిరుమల ఒకటే క్లాసు. వాళ్ళమ్మ ఫర్జానా కాజీపేట స్టేషన్‌లో టికెట్లు ఇస్తుంది. ఇంట్లో వాళ్ళిద్దరితో పాటు సోహెల్ అమ్మమ్మ ఫాతిమా బేగం ఉంటుంది. ఆమెను అతను నానీ అంటాడు, తిరుమల కూడా నానీ అనే అంటుంది. ఇవాళ నానీకి కళ్ళ పరీక్ష. ముగ్గురూ ఆటోలో హనుమకొండ దవాఖానకు వెళ్ళారు.

"వచ్చేసరికి నాలుగైతది" అని వెళ్తూ వెళ్తూ సోహెల్ చెప్పాడు.

ఇప్పుడింకా రెండు కూడా కాలేదు.

తిరుమల నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళింది. ఫ్రిజ్ పక్కన మేకుకు పై పోర్షన్ స్పేర్ తాళంచెవి వేలాడుతోంది. తాము ఇంట్లో లేనప్పుడు నల్లా పైపు పగిలినా, ఇంకేమైనా అయినా పనికొస్తుందని ఫర్జానాయే దాన్ని బాపమ్మకు ఇచ్చింది.

'మన ఇల్లే కదా. ఐదు నిమిషాల పని' అనుకుంది తిరుమల.

తాళం తీసి లోపల అడుగు పెట్టగానే ఆమెకు కొంచెం వింతగా అనిపించింది. ఎన్నోసార్లు వచ్చిన ఇల్లే. కానీ ఎవరూ లేనప్పుడు ఎప్పుడూ రాలేదు. మంచం మీద దుప్పటి చెదిరి ఉంది. కిటికీ దగ్గర నానీ మందులు వరుసగా పెట్టి ఉన్నాయి. తీగ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. బాల్కనీ తలుపు పక్కన వేలాడుతున్న పంజరంలో సోహెల్ పెంచుకునే లవ్ బర్డ్స్ రెండూ ఆమెను చూసి అరిచాయి. ఆకుపచ్చది చిట్టీ. పసుపుపచ్చది మిట్టూ.

"ష్, అరవకుండ్రి!" అంది తిరుమల.

గొళ్ళెం తీసి బాల్కనీలోకి వెళ్ళి షటిల్ కాక్ తీసుకుంది. అంతలో కింద బాపమ్మ ఫోన్ మోగింది. బాపమ్మ లేస్తుందేమోనని తిరుమల గబగబా బాల్కనీ తలుపు దగ్గరికి లాగి, ముందు తలుపుకు తాళం వేసి మెట్లు దిగింది. తాళంచెవి మళ్ళీ మేకుకు తగిలించింది. బాపమ్మ లేవలేదు.

మూడున్నరకు తిరుమల హోంవర్క్ చేసుకుంటుంటే పైన ధన్‌మని చప్పుడైంది. 'సోహెల్ వాళ్ళు వచ్చేసినట్టున్నారు' అనుకుని లెక్కల్లో పడిపోయింది.

వాళ్ళు వచ్చింది నాలుగు దాటాక. ఫర్జానా తలుపు తీయగానే ఒక్క కేక వేసింది. బాపమ్మ, తిరుమల పైకి పరుగెత్తారు.

లోపల రెండు పెద్ద కోతులున్నాయి. ఒకటి టేబుల్ మీద కూర్చుని అరటిపండు తింటోంది. ఇంకొకటి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. బాపమ్మ చీపురు ఎత్తి గదిమేసరికి రెండూ బాల్కనీ తలుపు లోంచి దూకి పారిపోయాయి.

నేల బండల నిండా బియ్యం. కర్టెన్ చిరిగి వేలాడుతోంది. నానీ మందులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. పంజరం కింద పడి దాని తలుపు తెరుచుకుంది. లోపల ఒక మూలకు చిట్టీ ముడుచుకుని కూర్చుంది.

మిట్టూ లేదు.

"సోహెల్! బాల్కనీ గొళ్ళెం పెట్టినవా, లేదా?" అంది ఫర్జానా.

"పెట్టిన అమ్మీ! పిట్టలకు నీళ్ళు పోసినంక పెట్టిన. సచ్చీ!"

"పెడితే ఎట్ల తెరుచుకుంటది? కోతులు గొళ్ళెం తీస్తయా?"

సోహెల్ వంగి పంజరాన్ని నిలబెట్టి, దాని తలుపు మూశాడు.

"పిల్లగాన్ని తిట్టకు బిడ్డా" అంది బాపమ్మ కొంగు నడుముకు చెక్కుకుంటూ. "బాల్కనీకి కోతులు రాకుండ ఇనుప జాలి పెట్టియ్యాల్నని ఎన్నడో అనుకున్న. నేనే ఆల్సెం చేసిన. ఈ వారం పెట్టిస్త. దా, ముందుగాల ఇదంత సాఫ్ చేద్దాం."

తిరుమల మందులు ఏరింది. సోహెల్ పక్కకు వచ్చి నెమ్మదిగా అడిగాడు.

"నువ్వు కిందనే ఉన్నవ్ గద. సప్పుడు వినవడలేదా?"

"లేదు" అంది తిరుమల. ఆ మాట దానంతట అదే నోట్లోంచి వచ్చేసింది.

సోహెల్ గల్లీలోకి వెళ్ళాడు. మిట్టూ ఎదురింటి కరెంటు తీగ మీద కనిపించింది. "మిట్టూ, మిట్టూ" అని సోహెల్ గింజలు పట్టిన అరచేయి పైకెత్తి పిలిచాడు. అది తల అటూ ఇటూ తిప్పింది. ఒక గూడ్స్ బండి కూత వేయగానే లేచి రైలు పట్టాల వైపు ఎగిరిపోయింది. అది కనిపించకుండా పోయాక కూడా సోహెల్ చాలాసేపు చెయ్యి దించలేదు.

తిరుమల గేటు వెనక నిలబడి అంతా చూసింది.

సాయంత్రం పై నుంచి ఫర్జానా మాటలు వినిపించాయి. "ఉన్న ఒక్కదాన్ని గూడ రేపు షాపాయనకు వాపస్ ఇచ్చేస్త. గొళ్ళెం పెట్టుడు చేతగానోనికి పిట్టలెందుకు?"

పంజరంలో చిట్టీ ఒక్కటే అరుస్తోంది.

బాపమ్మ వేడివేడి సర్వపిండి రొట్టె ముక్క ప్లేట్లో పెట్టి తిరుమల ముందుంచింది. తిరుమలకు అది ఎప్పుడూ ఒకటి చాలదు. ఇవాళ తుంచను కూడా తుంచలేదు.

"ఏందే? కడుపు నొస్తాందా?"

"బాపమ్మా... గొళ్ళెం సోహెల్ మర్చిపోలె. నేను మర్చిపోయిన."

షటిల్ కాక్ దగ్గర మొదలుపెట్టి, సోహెల్‌తో 'లేదు' అన్న మాట దాకా అన్నీ చెప్పేసింది. చెబుతుంటేనే కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. బాపమ్మ అరవలేదు. పొయ్యి ఆర్పి, స్టూల్ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది.

"మన ఇల్లే కద అనుకున్న" అంది తిరుమల ముక్కు తుడుచుకుంటూ.

"మనదే" అంది బాపమ్మ. కొంగుతో తిరుమల ముఖం తుడిచింది. తర్వాత చెప్పింది.

"మీ తాతకు అప్పుడు నౌకరి కొత్త. ఈ కాజీపేటలనే ఒక్క అర్రల, ఒకటే రూముల కిరాయికి ఉంటుంటిమి. ఓనరమ్మ మంచిదే. ఎన్నడు ఒక మాట అనలె. కాని తలుపు కొట్టకపోయేది. ఎప్పుడంటె అప్పుడు లోపలికి వచ్చేది. ఒకనాడు నేను కారం మెతుకులు కలుపుకొని తింటాన్న. ఇంట్ల కూర లేదు. ఆమె వచ్చి నిలవడి నా పళ్ళెంల చూసింది."

"తిట్టిందా?"

"ఏం అనలె. చూసి పోయింది, అంతే. నేను పళ్ళెం పక్కకు పెట్టిన. ఇగ ముద్ద దిగలె. ఆనాటి సంది పట్టపగలు గూడ గడియ పెట్టుకొనే తింటుంటి."

తిరుమలకు పైన తాను చూసినవన్నీ గుర్తొచ్చాయి. చెదిరిన దుప్పటి, నానీ మందులు, తీగ మీది బట్టలు. వాటిని ఎవరూ ఆమెకు చూపించలేదు. ఆమే చూసేసింది.

"నడువ్, మీదికి పోదాం" అని బాపమ్మ లేచి, మేకుకున్న తాళంచెవి తీసుకుంది.

"నువ్వే చెప్తవా బాపమ్మా?"

"నువ్వు చెప్పేది నువ్వు చెప్పు. నేను చెప్పేది నాకున్నది."

పైన తలుపు సగం తెరిచే ఉంది. అయినా బాపమ్మ గడప బయటే ఆగి వేలితో రెండుసార్లు కొట్టింది.

"అరే, తెరిచే ఉన్నది గదమ్మా, రాండ్రి" అంది ఫర్జానా లోపలి నుంచి.

తిరుమల వెళ్ళి గది మధ్యలో నిలబడింది. "ఆంటీ, సోహెల్ గొళ్ళెం పెట్టిండు. నేను తాళం తీసుకొని మీ ఇంట్లకు వచ్చిన. గొళ్ళెం తీసి మళ్ళ పెట్టలె. సోహెల్ అడిగితే అబద్ధం చెప్పిన."

మంచం మీద కూర్చున్న నానీ చేతిలో తస్బీ జపమాల పూసలు ఆగిపోయాయి.

బాపమ్మ తాళంచెవి ఫర్జానా చేతిలో పెట్టింది. "నువ్వు నమ్మి ఇస్తివి బిడ్డా. నేను అందరి చేతికి అందేటట్టు మేకుకు తగిలేసిన. అది నా తప్పు. ఇగ ఇది నీ దగ్గరనే పెట్టుకో. ఏదన్న పని పడితే ఫోన్ చేసి, మీరు రమ్మన్నప్పుడే వస్తం."

ఫర్జానా తాళంచెవిని పర్సులో వేసుకుంది. "పొద్దంత డ్యూటీల ఉంటనమ్మా. ఇంటికి తాళం ఉన్నదన్న ధైర్యంతోనే ఉంట" అంది. ఆమె గొంతు కోపంగా లేదు. అందుకే తిరుమలకు ఇంకా కష్టంగా అనిపించింది.

తర్వాత ఫర్జానా కొడుకు తల మీద చెయ్యి వేసింది. "మాఫ్ చెయ్ బేటా. పెట్టిన అన్నవ్. నేను నమ్మలె. చిట్టీని ఎవరికీ ఇయ్య."

సోహెల్ తిరుమల వైపు చూశాడు. "అడిగితే నేనే తెచ్చిస్తుంటి గద, నాలుగింటికి" అన్నాడు. అంతే. పంజరం వైపు తిరిగిపోయాడు.

తర్వాతి రోజుల్లో సోహెల్ బడికి ముందే వెళ్ళిపోయాడు. క్లాసులో వేరే బెంచీ మీద కూర్చున్నాడు. మిట్టూ తిరిగి రాలేదు. తిరుమల రెండుసార్లు "సారీ" అంది. రెండోసారి అతను "సరే" అన్నాడు, కానీ ఆగి మాట్లాడలేదు.

బాపమ్మ ఫర్జానాకు ఫోన్ చేసి, జాలి పెట్టడానికి ఎప్పుడు వస్తే వాళ్ళకు వీలుగా ఉంటుందో అడిగింది. ఆదివారం పొద్దున పదింటికి అనుకున్నారు. కానీ వెల్డింగ్ పనిచేసే సారంగపాణి శనివారం మధ్యాహ్నమే జాలి ఫ్రేమ్ భుజాన వేసుకుని వచ్చేశాడు.

"రేపు వేరే పని తగిలింది సార్. ఇప్పుడైతే గంటల అయిపోతది" అన్నాడు డాడీతో.

బాపమ్మ సంతకు వెళ్ళింది. డాడీ శ్యాంసుందర్ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చాడు. "మళ్ళ దొరకవు నువ్వు. పా, మీదికి పోదాం. పిల్లగాడు ఇంట్లనే ఉన్నట్టున్నడు" అంటూ మెట్ల వైపు నడిచాడు.

"డాడీ, ఆగు!" అంది తిరుమల. మెట్ల మీద అడ్డంగా నిలబడింది. "వాళ్ళకు రేపని చెప్పినం. ఇయ్యాల రమ్మంటరో లేదో అడగాలె గద."

"జాలి వాళ్ళ కోసమే గదనే. ఏమంటరు?"

"అయినా అడగాలె. నేను అడిగొస్త. మీరిక్కడనే ఉండుండ్రి."

సారంగపాణి ముఖం చూసి డాడీ నవ్వి, ఫ్రేమ్ గోడకు ఆనించమన్నాడు.

తిరుమల పైకి వెళ్ళింది. తలుపు దగ్గరికి వేసి ఉంది, గడియ పెట్టలేదు. కిటికీ తెరిచే ఉంది కానీ అటు చూడలేదు. బెల్ నొక్కి రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడింది.

సోహెల్ తలుపు కొంచెం తెరిచాడు. "ఏంది?"

"జాలి పెట్టే ఆయన వచ్చిండు. రేపు రావాల్సింది, ఇయ్యాలనే వచ్చిండు. ఇప్పుడు పెట్టొచ్చా? వద్దంటె పంపిస్తం."

సోహెల్ లోపలికి చూశాడు. "నానీ నమాజ్ చదువుతాంది. ఒక పావుగంట."

"సరే" అంది తిరుమల. మెట్ల పై నుంచి వంగి కిందికి చెప్పింది. "డాడీ, పావుగంట! చాయ్ తాగి రాండ్రి!"

తలుపు మూసుకుంది. తిరుమల మెట్టు మీద కూర్చుంది. ఎండకు మెట్టు కాలుతుంటే చున్నీ మడిచి కింద వేసుకుంది. కింద డాడీ, సారంగపాణి గల్లీ చివర హోటల్ వైపు నడుస్తున్నారు. లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు. ఆమె వినాలని ప్రయత్నించలేదు కూడా.

పావుగంట కాకముందే వెనక తలుపు తెరుచుకుంది.

"ఎండల కూసున్నవేంది?" అన్నాడు సోహెల్. వారం రోజుల్లో అతను తనంతట తాను మాట్లాడటం ఇదే మొదటిసారి. "నానీది అయిపోయింది. నిన్ను రమ్మంటాంది."

తిరుమల లేచింది కానీ కదల్లేదు. అతని ముఖం వైపే చూసింది.

సోహెల్ తలుపు పూర్తిగా తెరిచి పక్కకు జరిగాడు.

"నేను గూడ రమ్మంటాన్న. రా."

తిరుమల చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళింది.